ఇరవై నాలుగు నుంచి ముప్పై దాకా

ఆసుపత్రి వెనక బట్టలుతికే గది దాటాక ఒక రేకుల షెడ్డుంది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకోరు. చీకటి పడ్డాక మాత్రం అటు వెళ్ళమంటే చాలు, మీసాలు మెలేసే వార్డుబాయ్‌లకి కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేస్తుంది.

షెడ్డులో ఉన్నది ఒకే ఒక్క బండి — మూలపడ్డ మూడో నంబరు అంబులెన్సు. రాత్రి పదిన్నర దాటాక ఆ బండిలోంచి అంకెలు వినిపిస్తాయట.

ఏడుపులు కాదు, కేకలు కాదు... అంకెలు.

"ఇరవై నాలుగు... ఇరవై అయిదు... ఇరవై ఆరు..."

అలా ముప్పై దాకా వెళ్ళి ఆగుతుందట. కాసేపు చడీచప్పుడూ ఉండదు. ఆ తర్వాత మళ్ళీ ఇరవై నాలుగు. ఒకటి నుంచి ఎందుకు మొదలుపెట్టదో ఎవరికీ అంతుబట్టలేదు. "దెయ్యం బడికి ఆలస్యంగా వెళ్ళిందేమో" అని ఒకడు జోకేశాడు గానీ, అదీ పట్టపగలు, పదిమందిలో నిలబడి వేశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అందరూ గుడ్లగూబ అంటారు. ఆ గొంతు ఎవరిదో ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

"ఇంకెవరిది? మన కుర్రాడిదే. ప్రాణం యుద్ధంలో పోయినా మనసు బండిలోనే ఉండిపోయింది, పాపం."

కుర్రాడంటే ఆ మూడో నంబరు బండిలో నాలుగేళ్ళు పనిచేసినవాడు. తర్వాత మిలటరీలో చేరాడు. అక్కడా అదే పని — దెబ్బ తగిలినవాళ్ళకి కట్టు కట్టడం, ఆగిన గుండెని నొక్కి ఆడించడం. చేరి రెండేళ్ళు తిరక్కుండానే పోయాడు.

ఈ మాట ఎవరు ఎత్తినా అంబులెన్సు డ్రైవరు సగం టీ వదిలేసి లేచి వెళ్ళిపోయేవాడు. కుర్రాడు ఆయనకి సొంత మేనల్లుడు మరి.

వాణ్ణి పనిలో పెట్టింది ఆయనే, నేర్పింది ఆయనే. ఎవరింట్లోనైనా గుండె ఆగిన మనిషి నేలమీద ఉంటే ఇద్దరూ చెరోపక్కా మోకాళ్ళేసేవాళ్ళు. కుర్రాడు పైకి లెక్కపెడుతూ ఛాతీ నొక్కేవాడు. ముప్పై అనగానే డ్రైవరు ముఖానికి పెట్టే గాలిసంచిని రెండుసార్లు నొక్కి ఊపిరి అందించేవాడు. మళ్ళీ ఒకటి నుంచి.

"చేతులు మారొచ్చురా, లెక్క తెగకూడదు" అని మొదటిరోజే చెప్పాడాయన. "నువ్వు పన్నెండు దగ్గర అలిసిపోయావనుకో, పక్కవాడు పదమూడు నుంచి అందుకోవాలి. మధ్యలో వదిలేశావో, చెవి పిండుతా."

మిలటరీకి పోతానంటే తల్లి ససేమిరా అంది. "వాడి చేతిలో పనితనం ఉందే, వెళ్ళనివ్వు" అని చెల్లెలికి నచ్చజెప్పిందీ ఈయనే. తన నోటితో అన్న ఆ ఒక్క మాట ఆయన్ని పదకొండు నెలలుగా తినేస్తోంది. కబురు వచ్చినప్పటినుంచీ చెల్లెలి గడప తొక్కలేదు. ఆవిడ పనిచేసేది అదే ఆసుపత్రిలో, బట్టలుతికే గదిలో. ఆవిడ ఎదురొస్తోందంటే ఈయన పక్క వరండాలోకి తిరిగిపోయేవాడు. ఆ షెడ్డులో నిజంగా ఏదైనా ఉంటే, అది తనకోసమే వచ్చిందని ఆయన నమ్మకం.

ఆ రాత్రి డ్రైవరు పదహారు గంటలుగా డ్యూటీలో ఉన్నాడు. తర్వాతి డ్యూటీకి రావలసిన డ్రైవరు రాలేదు. ఒక పెద్దాయన్ని ఇంకో ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తీరా చూస్తే ఆక్సిజన్ సిలిండర్ వాల్వు తిప్పే పానా విరిగింది.

"ఇంకోటి మూడో నంబరు బండిలో ఉండాలి" అంది నర్సు. అని, తల దించుకుని కాగితాలు సర్దుకోసాగింది.

ఎవరూ కదల్లేదు. డ్రైవరే లేచాడు. కాళ్ళు పీకుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. భయపడ్డానికి కూడా కాస్త ఓపికుండాలి కదా, అదీ లేదు మనిషికి.

షెడ్డు తలుపు చేరవేసి ఉంది... తాళం లేదు.

లోపల చీకటి. బండి వెనక తలుపు సందులోంచి మాత్రం సన్నగా వెలుగు. రబ్బరు నొక్కుతున్నట్టు చప్పుడు — కిచ్... కిచ్... దాంతోపాటే గొంతు. మగో ఆడో తెలియనంత బొంగురుపోయిన గొంతు.

"ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది..."

ఆయన ఉన్నచోటే ఆగిపోయాడు. ఆ వేగం తను నేర్పిందే. ఆ అంకెకీ అంకెకీ మధ్య ఎడం కూడా తను నేర్పిందే.

"ఇరవై తొమ్మిది... ముప్పై."

చప్పుడు ఆగింది.

బండికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఒరేయ్..." అన్నాడు మెల్లగా. "నేనేరా. మామయ్యని."

నుదురు బండి తలుపుకి ఆనించాడు.

"నామీద కోపమొచ్చిందా నాన్నా? నేనే పంపాను. నేనే... అమ్మ వద్దంటున్నా వినకుండా పంపాను."

లోపల ఏదో కదిలింది. ఒక నిట్టూర్పు వినిపించింది.

"వాడికి నీమీద కోపమెందుకు అన్నయ్యా..."

డ్రైవరు తలుపు లాగాడు.

చిన్న టార్చి వెలుగులో చెల్లెలు. పని గుడ్డలు కూడా మార్చుకోలేదు. కొత్తవాళ్ళకి నేర్పడానికి ఉంచిన సగం మనిషి రబ్బరు బొమ్మ నేలమీద వెల్లకిలా ఉంది. ఆవిడ దాని పక్కన మోకాళ్ళమీద కూర్చుని, రెండు చేతులూ ఛాతీమీద పెట్టి, చెమటతో తడిసిపోయి ఉంది. పక్కనే షెడ్డు తాళం, ఒకప్పుడు కుర్రాడి దగ్గరుండే తాళంచెవి.

"ఏంటే ఇది? పిచ్చా నీకు? ఊరంతా దెయ్యమని హడలి చస్తుంటే..."

"హడలనీ" అందావిడ. "యుద్ధంలో వాడితో ఉన్న అబ్బాయి ఇంటికొచ్చాడు అన్నయ్యా, చంకకర్రలతో. నువ్వు ఇంటికి వచ్చుంటే నువ్వూ వినేవాడివి."

ఆయన తల వంచుకున్నాడు.

"చుట్టూ కాల్పులట. ఒకడికి గుండె ఆగిపోతే వీడు మీద వంగి నొక్కుతున్నాడట. వెనక్కి వచ్చెయ్యరా అని అరిచినా వినలేదట. ఆ అబ్బాయి కాలు విరిగి పక్కనే పడి, వీడి లెక్కే వింటున్నాడట. ఇరవై మూడు అన్నాడట... అంతే. మరి వినపడలేదట."

బయట రేకుమీద ఏదో ఆకు రాలింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"వాడు ఇంట్లో దిండుమీద నొక్కి నేర్చుకునేవాడుగా. చేతులు మారొచ్చు, లెక్క తెగకూడదు అని నీలాగే గొంతు పెట్టి వెక్కిరించేవాడు. అందుకే నేను అందుకున్నా. అక్కడ అందుకునేవాడు లేడు కదా."

డ్రైవరు బొమ్మవైపు చూశాడు. ఏదో ఒకటి అనాలని అడిగాడు. "మరి... ముప్పై అయ్యాక ఆగిపోతావేం?"

"తర్వాతది నాకు చేతకాదు. అది నీ పని." ఆవిడ తలెత్తి చూసింది. "ముప్పై అంటే చాలమ్మా, నేను తలెత్తి చూడక్కర్లేదు, మామయ్య ఊపిరి పోస్తాడు అనేవాడు. రోజూ ముప్పై దాకా వచ్చి చూస్తున్నా. నువ్వేమో నన్ను చూస్తే పక్క సందులోకి పోతున్నావు."

ఆయనకి ఏడుపొచ్చేసింది. పదకొండు నెలలుగా రానిది, ముక్కు చీదుకునేంత ఏడుపు. అలాగే బండెక్కి, బొమ్మ తల దగ్గర మోకాళ్ళేసి, కొక్కేనికి వేలాడుతున్న గాలిసంచి అందుకున్నాడు.

"కానీవే" అన్నాడు.

"ఇరవై నాలుగు..."

ఇరవై ఎనిమిదికి ఆవిడ వేగం తగ్గింది. అయినా ఆపలేదు.

"...ముప్పై."

ఆయన సంచి నొక్కాడు. రబ్బరు ఛాతీ పైకి లేచి, దిగింది. ఇంకోసారి నొక్కాడు. లేచి, దిగింది.

చెల్లెలు బొమ్మమీంచి చేతులు తీసి అన్న భుజంమీద తల వాల్చింది. అవతల పెద్దాయన ఎదురుచూస్తున్నాడు గనక ఎక్కువసేపు కూర్చోలేదు. డ్రైవరు సీటు వెనక వేలాడుతున్న పానా తీసుకుని, బయట తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మర్నాడు చెల్లెలింట్లోనే అన్నం తిన్నాడు. అప్పట్నుంచి ఆవిడ పని దిగగానే తనే ఇంటిదాకా దిగబెట్టి వస్తున్నాడు. ఆ షెడ్డు తాళం మళ్ళీ తీసింది లేదు.

నెల తర్వాత ఒక రాత్రి గుడ్లగూబ పరుగెత్తుకుంటూ వచ్చాడు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"డ్రైవరన్నా... మళ్ళీ మొదలైంది!"

డ్రైవరు జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. చెల్లెల్ని ఇంట్లో దింపి అప్పటికి గంట కూడా కాలేదు.

"ఇరవై నాలుగా?"

"కాదన్నా... ఈసారి ఒకటి నుంచి. ముప్పై కాగానే ఎవరో రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు... మళ్ళీ ఒకటి..."

డ్రైవరు షెడ్డువైపు చూశాడు. చేతిలో టీ చల్లారిపోతోంది.

"మధ్యలో ఎక్కడైనా తెగుతోందా?"

"లేదన్నా. గడగడా చెబుతోంది."

"అయితే చెప్పనీరా" అని ఆ టీ చివరిదాకా తాగి, బండిలో స్ట్రెచర్ మీద ఒరిగాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదంటారు. గుడ్లగూబ ఇంకా ఏదో చెబుతుండగానే ఆయనకి నిద్ర పట్టేసింది.