పంపని కామెంట్

కొల్లేట్లో గుర్రపుడెక్క మధ్య ఆగిపోయిన తాటిదోనెలో ఎర్ర సిల్కు చీర కట్టిన శవం దొరికింది. మెడ మీద సన్నటి సూది గుర్తు. చేతి వాచీ ఇంకా నడుస్తోంది.

ఆమె పేరు రూబీ. ‘హెరాన్’ అనే విదేశీ ముఠా తమ మనిషే అనుకుంది. నిజానికి మన మనిషి. స్టార్ హోటల్ పార్టీల్లో ఆమె ఒక్కసారి నవ్వితే చాలు, ఎదుటివాళ్లు అడగని రహస్యాలు కూడా చెప్పేసేవారు. నాలుగేళ్లుగా ఆమె రిపోర్టులు అందుకుంటున్న సీక్రెట్ ఏజెంట్ భానుప్రకాష్‌కు ఆమె అంటే ఇష్టం. ఆ మాట చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఏలూరులో రొయ్యల మేత అమ్మే ఒక షాపుకు వెళ్లాడు.

“పదో నంబరు మేత ఉందాండీ?”

“పదో నంబరు ఎప్పుడూ రాదండీ. లోపలికి రండి.”

లోపలి గదిలో చీఫ్ రాజ్యం గారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

“ఏడుపు తర్వాత ఏడుద్దాం భానూ. ‘తూము’ తెలుసుగా?”

“ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అండి. చెరువులో ఆక్సిజన్ తగ్గితే సైరన్ మోగిస్తుంది.”

“ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు కదా, ఇప్పుడు మూడు వందల ఆస్పత్రుల ఆక్సిజన్ ప్లాంట్లలోనూ అదే ఉంది. ఎర్రర్ హ్యాండ్లింగ్ క్లీనప్, అంటే పాత కోడ్ చక్కబెట్టడం అని చెప్పి, హెరాన్ వాళ్లు రూబీ చేత అందులో ఒక మార్పు పెట్టించారు. ఇదివరకు సెన్సర్ పలకకపోతే ఎర్రర్ వచ్చేది, సైరన్ కూసేది. ఇప్పుడు ఆ ఎర్రర్‌ని మింగేసి, ఆఖరిసారి వచ్చిన మంచి రీడింగే చూపిస్తూ ఉంటుంది.”

“అంటే ప్లాంటు ఆగిపోయినా...”

“స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది. మొన్న కలిదిండిలో బంగార్రాజు గారి చెరువు మీద పరీక్షించి చూసుకున్నారు. తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోయాయి, సైరన్ కూయలేదు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త వెర్షన్ దానంతటదే ఆస్పత్రులకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత వాళ్లు ప్లాంట్లు ఆపేస్తారు.”

“మనం ఆపలేమా అండి?”

“రివ్యూ చేసి ఓకే అన్న మనిషి దగ్గరుండే యూఎస్‌బీ కీతోనే ఆ మార్పు వెనక్కి తీయాలి. తూము రాసినాయన పెట్టిన రూలు. తాడేపల్లిగూడెంలో ఉంటారు, పాలిటెక్నిక్‌లో పనిచేసి రిటైరయ్యారు. సత్యనారాయణమూర్తి గారు. ఓకే అన్నదీ ఆయనే.”

“ఆయన హెరాన్ మనిషా?”

“అది నువ్వే తేల్చాలి.” రాజ్యం గారు రూబీ వాచీ అతని ముందు పెట్టి, అంచు నొక్కారు. చిన్న తెరమీద ఆఖరి మెసేజ్ వచ్చింది.

‘తప్పు కంటికి కనపడేలాగే పెట్టాను. మాస్టారు పట్టుకుని తిప్పికొడతారు, హెరాన్‌కి నా మీద అనుమానం రాదు అనుకున్నాను. ఆయన తిప్పికొట్టలేదు. అందుకే ఈ కబురు నేనే పంపాల్సి వచ్చింది, హెరాన్‌కి తెలిసిపోతుంది. ఆయన ఎందుకు ఊరుకున్నారో అడుగు భానూ.’

ఇన్వర్టర్ మెకానిక్ ఖాకీ చొక్కా, టూల్ బాక్సు, అందులో పిస్తోలు, చెరువు నీళ్లు కొలిచే ఆక్సిజన్ మీటరు. వ్యాన్ ఉంగుటూరు దాటేదాకా భానుప్రకాష్ దేన్నీ సరిగా చూడలేదు. మాస్టారు ముఠా మనిషే అయి ఉంటే బాగుండునని ఒక పక్క అనిపించింది. కోపం తెచ్చుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా.

తలుపు తీసింది మాస్టారి భార్య బాలసరస్వతి.

“మా ఇన్వర్టర్ బాగానే ఉందండీ. అయినా ఎండన పడి వచ్చారు, కాస్త మజ్జిగ పుచ్చుకోండి.”

శత్రువు కోటలోకి ఇంత సులువుగా ఏ ఏజెంటూ అడుగుపెట్టి ఉండడు. ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న మూర్తి మాస్టారికి ఐడీ కార్డు చూపించి, హెరాన్ సంగతీ, రూబీ ఎవరి మనిషన్న సంగతీ చెప్పాడు. రూబీ ఇక లేదన్న విషయం మాత్రం చెప్పలేకపోయాడు. గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

“ఆ క్లీనప్ మీరు పూర్తిగా చదివారా మాస్టారూ?”

“అక్షరం వదల్లేదండి. నూట నలభై చోట్ల చిందరవందరగా ఉన్నదాన్ని ఒక్క ఫంక్షన్‌లోకి తెచ్చింది. ముచ్చటైన పని.”

“సెన్సర్ పలకని చోటు కూడా చదివారా?”

మాస్టారు లాప్‌టాప్ అతనివైపు తిప్పారు. రివ్యూ పేజీలో, టైపు చేసి పంపకుండా వదిలేసిన కామెంట్ ఒకటి ఇంకా అలాగే ఉంది. ‘ఇక్కడ ఎర్రర్ రాకుండా పాత రీడింగే ఇస్తున్నారు. అది ఎప్పటి రీడింగో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?’

“మరి పంపలేదేం?”

“ఆ రోజు అమ్మాయి బస్సులో పడి వచ్చిందండి. ఈ కుర్చీలోనే కూర్చుని, నేను చదువుతుంటే నా మొహమే చూస్తోంది. ఇది టైపు చేశాను. అప్పుడే మా ఆవిడ పనసపొట్టు కూర చేసి భోజనానికి పిలిచింది. మన ఇంట్లో అన్నానికి కూర్చోబోయే పిల్లకి నీ పని తప్పని ఎలా చెబుతామండీ? మొహమాటం వేసింది. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక, ‘ఏవైనా తప్పులుంటే చెప్పండి బాబాయ్ గారూ’ అని నవ్వింది. ఏమీ లేవమ్మా అనేశాను.”

 రూబీ ఆ కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది ఒక్క చీవాటు కోసం. ఆమె నవ్వుకు శత్రువులంతా పడిపోయారు. ఆఖరికి ఆ నవ్వే, ఆమెను కాపాడాల్సిన మాట మాస్టారి నోట రాకుండా చేసింది.

పదకొండూ యాభై రెండుకు ఇంటర్నెట్ పోయింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా నల్ల కారు, దాని మీద జామర్ యాంటెన్నా. భానుప్రకాష్ కాలర్ కింది మైకులో చిన్నగా అన్నాడు: “నెల్సన్, కారు.”

వీధిలో కొబ్బరిబోండాలు కొట్టేవాడి వేషంలో ఉన్న తోటి ఏజెంటు కత్తి పట్టుకుని కారువైపు నడిచాడు. ఈలోగా భానుప్రకాష్ ఆక్సిజన్ మీటరు మూత తిప్పి, అందులోని శాటిలైట్ మోడెమ్‌ను లాప్‌టాప్‌కు కలిపాడు. మాస్టారు బీరువా తాళాల గుత్తిలోంచి ఆ కీ తీసి లాప్‌టాప్‌కు గుచ్చారు. కారణం రాయమని అడిగింది సిస్టమ్. ఆయన టైపు చేశారు: ‘తప్పు చూశాను. మొహమాటపడి చెప్పలేదు. బాధ్యత నాదే.’

“ఇది ప్రపంచమంతా చదువుతుందండి. ఎప్పటికీ చెరగదు. ఇంకేదైనా రాయొచ్చు కదా.”

“ఎర్రర్ అన్నాక కనపడాలండి.”

ఎంటర్ నొక్కేసరికి పన్నెండింటికి రెండు సెకన్లుంది. వెర్షన్ ఆగిపోయింది. బయట నల్ల కారులోని మనిషిని నెల్సన్ కిందికి దించుతున్నాడు.

బాలసరస్వతి మజ్జిగ గ్లాసుతో పాటు మూతకు గుడ్డ కట్టిన సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మీరు రూబీతో పనిచేస్తారటగా. మాగాయ అంటే దానికి ప్రాణం, ఇచ్చేయండి. ఎలా ఉందండీ పిల్ల?”

భానుప్రకాష్ సీసా వంక చూశాడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాడు.

“బాగానే ఉందండి.”

మూర్తి మాస్టారు కళ్లజోడు తీసి, అతని మొహంలోకి చూశారు. ఈసారి వదిలిపెట్టలేదు.

“అది ఎప్పటి రీడింగండీ?”

అతను సీసాను తిరిగి ఆవిడవైపు జరిపాడు.

“మొన్నటిదండి.”

బాలసరస్వతి సీసాను దగ్గరకు లాక్కుని కూర్చుండిపోయింది. మాస్టారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. భానుప్రకాష్ కూడా ఇక ఏడుపు ఆపుకోలేదు. బల్ల మీద లాప్‌టాప్ పరీక్షలన్నీ ముగించుకుని, ఎర్రర్లు ఏమీ లేవని పచ్చరంగులో చూపించింది.