విమానం మీ చేతికి

"విమానం నా చేతికి," అంది సువర్చల.

"మీ చేతికి," అని ఎడమ సీట్లోని అభ్యర్థి అమ్మాయి విమానాన్ని తిప్పే కాడి వదిలింది. పాదాలు పెడళ్ల మీద నుంచి తీసి నేలకు ఆనించుకుంది.

అద్దంలో మంచు రన్‌వే నిలిచిపోయింది. కృత్రిమాకాశం వెలిసిపోయి తెల్లగోడ అయింది. తలపైనుంచి తీర్పరి యంత్రం గొంతు పలికింది.

"అవతరణ ఉత్తీర్ణం. హస్తాధికార మార్పిడి ఉత్తీర్ణం. ఉత్తర సమాఖ్య ఉద్యోగ వీసాకు అర్హత ఉంది."

ఆ అమ్మాయి భోరుమంది. తనను పాస్ చేసిన మనిషి మొహం కనబడదు, ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలో తెలియదు. చివరికి కాడికే దండం పెట్టుకుని దిగిపోయింది. సువర్చల ముఖకవచం కింద నవ్వుకుంది. రోజూ ఎవరో ఒకరు ఇలా ఇనుముకు మొక్కి వెళ్తూనే ఉంటారు. పరీక్షించేది ఆడో మగో కూడా అభ్యర్థికి తెలియకూడదని సమాఖ్య నిబంధన. అందుకే మొహానికి నల్లటి కవచం, గొంతుకు జల్లెడ. ఎవరు మాట్లాడినా ఆ జల్లెడ దాటి వచ్చేసరికి ఒకే గొంతు అవుతుంది.

మన ఆకాశంలో మనుషులు విమానాలు నడపడం మానేసి చాలాకాలమైంది. అవి వాటంతటవే లేస్తాయి, వాటంతటవే దిగుతాయి. మంచుదేశాలు కలిసి ఏర్పడిన ఉత్తర సమాఖ్య ఒక్కటే ఇంకా మానవహస్త చట్టాన్ని పట్టుకుని వేలాడుతోంది. ప్రతి విమానంలోనూ ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో నిజమైన కాడీ, కాళ్ల కింద నిజమైన పెడళ్లూ, అంతా పాతకాలపు పద్ధతిలోనే ఉండాలి. రెండు సీట్ల పెడళ్లనూ ఒకే ఇనపకడ్డీ కలుపుతుంది. ఈ సీట్లో తొక్కితే ఆ సీట్లోదీ దిగుతుంది. ఆ ఉద్యోగాల కోసమే దేశంలో మిగిలిన పైలట్లంతా విశాఖ వచ్చి 'ఎగురుబాట' ఏజెన్సీ నిరీక్షణశాలలో పడిగాపులు పడతారు.

ఆ శాలలోంచి ఎంతమందినో ఉత్తరానికి పంపింది సువర్చల. తను మాత్రం మళ్లీ వెళ్లలేకపోయింది. ఆమె పేరు నిషిద్ధ పట్టీలో ఉంది. ఆ పట్టీ నిజమైన ఆకాశానికే గాని కృత్రిమాకాశానికి వర్తించదు కాబట్టి ఏజెన్సీ ఆమెకు ఈ కొలువిచ్చింది.

తెరమీద తరవాతి పేరు వెలిగింది. కెప్టెన్ నల్లాన్‌చక్రవర్తుల పరాంకుశం.

సువర్చల ఒళ్లు చల్లబడింది. మరుక్షణమే భగ్గుమంది.

చెవిలో ఏజెన్సీ మేనేజరు పైడిరాజు గొంతు. "అమ్మా, ఈయన శానా పెద్దోడు. ఉన్న వీసా ఈ వారంతో సరి. వొయసైపోనాది, ఈపాలి తప్పితే మళ్లీ తీస్కోరు. సమాఖ్యోళ్లే అడిగి మరీ పంపమన్నారు. జాగర్తగా సూడమ్మా."

"జాగ్రత్తగానే చూస్తాను పైడిరాజు గారూ," అంది.

కుడిచేతి పక్కన పరిచయ మీట ఉంది. అభ్యర్థి తెలిసినవాడైతే అది నొక్కాలి, ఇంకో పరీక్షకుడు వస్తాడు. ఆమె వేలు మీటదాకా వెళ్లింది. న్యాయంగా అయితే నొక్కాల్సిందే. ఆమెకు జరిగినదాంట్లో న్యాయం ఎక్కడ ఏడ్చింది గనక? వేలు వెనక్కి తీసుకుంది.

తలుపు తెరుచుకుంది. జుట్టు నెరిసింది గాని నడకలో ఆ దర్జా అలాగే ఉంది. "నమస్కారమండీ" అంటూ ఎడమ సీట్లో తన సొంతింటి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

అప్పుడూ ఇలాగే ఎడమ సీట్లో కూర్చున్నాడు. సమాఖ్యలో సువర్చల కొత్తగా చేరిన రోజులు. వానలో దిగబోతుండగా, "విమానం నీ చేతికి అమ్మాయ్, నీ సత్తా ఏపాటిదో చూద్దాం" అన్నాడు వేడుకగా. ఆమె "నా చేతికి" అంది. చక్రాలు నేలను తాకిన క్షణాన పక్కగాలి కొట్టింది. ఆమె కుడి పెడల్ నొక్కి సర్దుతోంది. అంతలో ఎడమ పెడల్ దానంతటదే దిగబడింది. పరాంకుశం పాదం ఇంకా అక్కడే ఉంది. బెదిరిపోయి తొక్కేశాడు. విమానం రన్‌వే దాటి బురదలోకి పోయింది. వెనక సిబ్బంది సీట్లో రెబెకా మెడ విరిగి చనిపోయింది. సువర్చలకు ఆ దేశంలో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు రెబెకా.

ఏ సీట్లో ఎవరు తొక్కారో తీర్పరికి తెలియదు. కడ్డీ కదలడమే దానికి తెలుస్తుంది. హస్తాధికారం ఎవరి నోట పలికితే పాదమూ వారిదే అన్నది దాని మూలసూత్రం. విచారణలో పరాంకుశాన్ని అడిగింది. పాదాలు నేలమీదే ఉన్నాయన్నాడు. అధికారం లేని సీటునుంచి పెడల్ కదలడం సాధ్యమా అంటే, అసాధ్యం అన్నాడు. "ఆ పాదం నాది కాదు" అని సువర్చల గొంతు పోయేలా అరిచింది. ఎవరూ వినలేదు. రెబెకా తల్లి మాత్రం ఆమె మొహమ్మీద ఉమ్మేసి వెళ్లిపోయింది.

"పరీక్ష ప్రారంభం," అంది తీర్పరి. "లోపల పలికే ప్రతి మాటా ప్రమాణవాక్కు."

పరాంకుశం చక్కగా నడిపాడు. ఆ మాట ఒప్పుకోవాలి. మబ్బుల్లో గుంటలు దాటించాడు, ఆగిపోయిన ఇంజన్‌ను ఆదుకున్నాడు. సువర్చల మనసు ఒప్పుకోకపోయినా చేతులు అతని పనిని మెచ్చుకుంటున్నాయి. ఇలాగే సాగితే పాసైపోతాడు. పాస్ చేయక తప్పదు.

సగం దూరంలో నిబంధన ప్రకారం అధికారం తీసుకుంది. "విమానం నా చేతికి."

"మీ చేతికి," అని అతను కాడి వదిలాడు.

ఆమె పెడళ్ల మీద పాదాలు ఆనించింది. అవి బరువుగా ఉన్నాయి. అవతలివైపు నుంచి మెత్తటి ఎదురొత్తిడి. వంగి చూడనక్కర్లేదు. అతను పాదాలు తీయలేదు. పాత విమానాల మీద చేయి తిరిగిన కెప్టెన్లకు ఉండే జబ్బే అది. నోటితో అధికారం ఇచ్చేస్తారు, కాళ్లతో ఇవ్వరు.

ఒక మనిషి చచ్చిపోయింది. ఇంకో మనిషి బతుకు బుగ్గి అయింది. ఇతను తన పాదం కూడా పక్కకు పెట్టుకోలేదు. ఆమెకు కళ్లు ఎర్రబడ్డాయి. అప్పటిదాకా ఉన్న తటపటాయింపు తుడిచిపెట్టుకుపోయింది.

మంచు రన్‌వే దగ్గరపడింది. పక్కగాలిని ఆమే ఎంచుకుంది.

"విమానం మీ చేతికి."

"నా చేతికి."

ఆమె చేతులు తీసింది. పాదాలు తీయలేదు.

చక్రాలు తాకాయి. గాలి కొట్టింది. అతను కుడి పెడల్ నొక్కాడు. సువర్చల ఎడమది తొక్కింది, ఇన్నేళ్ల కసీ తీరేలా. విమానం గిర్రున తిరిగి రన్‌వే దీపాలను తన్నుకుంటూ మంచులోకి దూసుకుపోయింది. అద్దమంతా ఎర్రబడింది.

"రన్‌వే ఉల్లంఘన," అంది తీర్పరి. "హస్తాధికారం పరాంకుశానిది. పాదదోషం పరాంకుశానిది. అర్హత శాశ్వతంగా రద్దు. అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పవచ్చు."

"అది నా పాదం కాదు!" అని అరిచాడు పరాంకుశం.

ఆ మాట చెవినపడగానే సువర్చలకు ప్రాణం లేచొచ్చింది. హాయిగా ఉంది. సిగ్గుపడాల్సినంత హాయిగా ఉంది, ఆమె సిగ్గుపడలేదు.

"అధికారం లేని సీటునుంచి పెడల్ కదలడం అసాధ్యం," అంది తీర్పరి. "పూర్వం ఒక విచారణలో ఆ మాట మీరే చెప్పారు."

పరాంకుశం కుడి సీటువైపు వేలు చూపాడు. "అప్పుడు వేరు... ఇప్పుడు వేరండీ. ఈ పరీక్షకుడే తొక్కాడు. నాకు కాళ్ల కింద తెలిసింది."

"అసాధ్యమే కదా కెప్టెన్ గారూ?" అంది సువర్చల, జల్లెడ గొంతుతో. "మీకంటే తెలిసినవాళ్లెవరున్నారు? అసాధ్యమని ఇంకోసారి చెప్పండి, ఇద్దరం ఇంటికి వెళ్లిపోదాం."

"కాదయ్యా! సాధ్యమే!" అతని గొంతు చిరిగింది. "ఎలా తొక్కొచ్చో నాకు తెలుసు. నేను తొక్కాను కాబట్టే తెలుసు!"

తనేమన్నాడో అతనికి అప్పుడు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సువర్చల గొంతు జల్లెడ లాగేసింది. కవచం విప్పి ఒళ్లో పెట్టుకుంది. అతను చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వా అమ్మాయ్?"

"నేనే."

"పరీక్షకురాలికి ప్రశ్న," అంది తీర్పరి. "అధికారం లేని సీటునుంచి మీరు పెడల్ తొక్కారని అభ్యర్థి వాదన. ఆ వాదనకు ఆధారంగా తన పూర్వచర్యను ప్రమాణవాక్కుగా చెప్పారు. ఇది నిజమా, అబద్ధమా? అబద్ధమైతే వాంగ్మూలం మొత్తం కొట్టివేసి తీర్పు ఖాయం చేస్తాను. నిజమైతే పాదదోషం ఎవరిదో నిర్ణయించే సూత్రం నిలవదు. ఆ సూత్రంతో ఇచ్చిన అర్హతలన్నీ, నిషేధాలన్నీ నిలిపివేయాలి."

పరాంకుశం ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ దర్జా అంతా ఎటుపోయిందో, కాళ్లబేరానికి వచ్చాడు. "తల్లీ, యంత్రంలో లోపమని చెప్పు. కడ్డీ పట్టేసిందని చెప్పు. నాకు మళ్లీ పరీక్ష పెడతారు, నీ ఉద్యోగమూ ఉంటుంది. అప్పుడు భయపడ్డాను. నిజంగా భయపడ్డాను. నీకు చిన్న వయసు, ఎలాగో బతికేస్తావు అనుకున్నాను."

"బతికేశాను," అంది సువర్చల. "చెయ్యి తియ్యండి."

తీశాడు.

అబద్ధం అంటే చాలు. అతను ఈ గదిలోంచి ఆమె అప్పట్లో నడిచినట్టే నడిచిపోతాడు. ఎవరూ నమ్మరు. జీవితాంతం తనలో తనే "నా పాదం కాదు" అనుకుంటూ తిరుగుతాడు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది అక్షరాలా అదే. తన కొలువు తనకుంటుంది. రేపు మళ్లీ ఇదే సీటు.

నిజం అంటే తనూ మోసగత్తెగా బయటపడుతుంది. బయట శాలలో కూర్చున్నవాళ్లు, పొద్దున కాడికి మొక్కి వెళ్లిన ఆ పిల్లతో సహా, ఏ పాపం ఎరగనివాళ్లు. వాళ్ల వీసాలన్నీ ఆగిపోతాయి. వాళ్లంతా తనను శాపనార్థాలు పెడతారు, పెట్టనీ. తనలాగే ఆ పట్టీలో పడి, తనలాగే అరిచి అరిచి ఊరుకున్నవాళ్లు ఇంకెందరున్నారో ఎవరికి తెలుసు? అన్నిటికన్నా, అబద్ధం అంటే ఇప్పుడే విన్న ఆ ఒప్పుకోలు కూడా కొట్టుకుపోతుంది. దాన్ని పోనిచ్చే ఉద్దేశం ఆమెకు లేదు. ఇతను చితికిపోతే చాలదు, ఏం చేసి చితికిపోయాడో లోకానికి తెలియాలి.

"నిజం," అంది సువర్చల. "కావాలనే తొక్కాను. ఇతను అప్పుడు తొక్కినట్టే."

"పాదదోషం..." అని మొదలుపెట్టి తీర్పరి మధ్యలోనే ఆపేసింది. అది అలా తడబడటం ఎవరూ ఎరగరు.

"తీర్పు ఇవ్వలేను," అంది చివరికి.

శాలలోంచి కేకలు మొదలయ్యాయి. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో తలుపులు బాదుతున్నారు. పైడిరాజు రొప్పుతూ లోపలికొచ్చి పడ్డాడు. "ఏటి సేసినావమ్మా! బోర్డులన్నీ ఆగిపోనాయి. ఒక్కడి వీసా కూడా కదలట్లేదు. సమాఖ్యోళ్లు లైన్లోకొచ్చి ఏటయ్యిందని అడుగుతున్నారు. ఏటి సెప్పమంటావు ఆళ్లకి?"

"నేను చెబుతాను. నన్ను పనిలోంచి తీసేసినట్టు కూడా రాసెయ్యండి పైడిరాజు గారూ, మీమీదికి రాకుండా," అంది. "ఆ లైను లోపలికి కలపండి."

పరాంకుశం లేచి నిలబడ్డాడు. తలుపువైపు చూశాడు. తలుపులో పైడిరాజు అడ్డంగా ఉన్నాడు, అతని వెనక శాలంతా పోగైంది. "ఏం బావుకున్నావు?" అన్నాడు పరాంకుశం. "నీకూ ఏమీ మిగల్లేదుగా."

"కూర్చోండి కెప్టెన్ గారూ," అంది సువర్చల. "తీర్పరి ఇంకా వింటూనే ఉంది. వానలో దిగబోతున్న దగ్గర్నుంచి మొదలుపెట్టండి. రెబెకా పేరు కూడా చెప్పాలి, సమాఖ్యవాళ్లు వాళ్లమ్మకూ వినిపిస్తారు."

అతను కూర్చున్నాడు.