నల్ల ఫొటోలు

ఆదివారం మధ్యాహ్నం. స్కూల్ ప్రాజెక్ట్ వీడియో సేవ్ చేయబోతే లాప్‌టాప్‌లో చోటు లేదని వచ్చింది. తూనీగకు చిర్రెత్తుకొచ్చింది. కాసేపైనా కుదురుగా కూర్చోదని ఇంట్లో అందరూ ఆమెను అలా పిలుస్తారు. లాప్‌టాప్ పిన్నిది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే పిన్ని ఆ రోజు కూడా డ్యూటీకి వెళ్ళింది.

ఒక ఫోల్డర్ నిండా ఫొటోలున్నాయి. తెరిచి చూస్తే అన్నీ నల్లగానే ఉన్నాయి. అక్కడక్కడ నాలుగు చుక్కలు, అంతే. పిన్ని కెమెరా మూత తీయడం మర్చిపోయిందేమో అనుకుని తూనీగ నవ్వుకుంది. అన్నీ డిలీట్ చేసింది. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసింది. చేసే పనేదో పూర్తిగా చేయాలి కదా మరి.

సాయంత్రం పిన్ని చెప్పులు విప్పేలోపే ఎదురెళ్ళింది.

“పిన్నీ, నీ లాప్‌టాప్‌లో చెత్తంతా ఊడ్చేశాను.”

ఏ చెత్తో తెలియగానే పిన్ని ముఖం వాడిపోయింది. భుజాన బ్యాగ్ అలాగే ఉండగా కుర్చీలో కూలబడింది. కాసేపటికి, కెమెరాలో మిగిలిపోయిన నిన్నటి ఫొటో ఒకటి లాప్‌టాప్‌లో తెరిచింది. అదీ నల్లగానే ఉంది. కింద వెలుతురు పెంచే గీత మీద బటన్‌ను కొంచెం పక్కకు జరిపింది. నలుపులోంచి ఎర్రటి పొగలాంటిది లీలగా పైకి తేలింది.

అది నెబ్యులా అని, నక్షత్రాలు పుట్టే మేఘమని పిన్ని చెప్పింది. ఊరినిండా దీపాలుంటే అది కంటికి ఆనదట. అందుకే కెమెరా ముందు చిన్న గాజుబిళ్ళ పెడుతుందట. ఆ ఫిల్టర్ దీపాల వెలుగును చాలావరకు ఆపేసి, నెబ్యులా ఎరుపును మాత్రం లోపలికి రానిస్తుందట.

“ఒక్కో ఫొటోలో చిక్కేది ఇంతే. అన్నీ కలిపితేనే బొమ్మ. ఇంకో నెలలో అది ఎదురు బిల్డింగ్ వెనక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా కనిపించదు. నన్ను ఒక్క మాట అడగాల్సింది కదే.”

పిన్నికి కోపం వచ్చింది. దాన్ని దాచుకోలేదు కూడా. రెండు రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. తూనీగకు తిండి సహించలేదు. చివరికి తనే వెళ్ళి, మళ్ళీ తీద్దామని, తానూ సాయం చేస్తానని చెప్పింది.

అప్పటినుంచి చీకటి పడగానే మేడ మీదికి స్టాండు మోయడం, వైర్లు చుట్టడం తూనీగ పని. కెమెరా కదలకూడదని ఆమె కూడా కదలకుండా కూర్చునేది. అది చూసి అమ్మ, జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

నెల తిరగకముందే ఫోల్డర్ మళ్ళీ నిండింది. ఒక ఆదివారం పిన్ని లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందే పెట్టింది. పాడైనవి ఏరి తీసేయమంది.

తూనీగ చేతులు ఒళ్ళోకి లాక్కుంది. “నేనా? వద్దు పిన్నీ.”

“ఇప్పుడు నీకు చూడటం వచ్చుగా. నువ్వే చెయ్,” అని పిన్ని బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది.

మొదటి ఫొటో అంతా తెల్లగా, మసకగా ఉంది. తూనీగ వేలు డిలీట్ దాకా వెళ్ళి ఆగింది. లేచి వెళ్ళి పిన్నిని పిలుచుకొచ్చింది. మబ్బు అడ్డం వచ్చిందని, దాన్ని తీసేయొచ్చని పిన్ని చెప్పింది.

తర్వాతది నల్లగా ఉంది. తూనీగ గీత మీద బటన్‌ను మెల్లగా జరిపింది. ఇంకొంచెం జరిపింది. ఒక మూల ఎర్రగా కనిపించింది.

“ఇది ఉంచుతున్నాను పిన్నీ,” అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. తర్వాతది తెరిచింది.