హెడ్డుకు నాలుగు కార్డులు

షెడ్డుకు వచ్చిన మొదటిరోజే ఆమె అతని లేత్ మిషన్ ఆపేసింది. లేత్ మీద తిరుగుతున్న ఇరుసు ముక్క గీతపడి ఎందుకూ పనికిరాకుండా పోయింది. అతను నోరు తెరిచేలోగా ఆమె కార్డూ పెన్నూ ముందుకు చాపింది.

"మూడుసార్లు పిలిచాను, మీకు వినబడలేదు. మీ పనిలో హెడ్ అంటే ఏమిటి?"

ఆమెది సాంకేతిక నిఘంటువు ఆఫీసు. ఒకే మాటను ఏ పనివాళ్ళు ఏ అర్థంలో వాడతారో వీధివీధీ తిరిగి రాసుకోవడం ఆమె ఉద్యోగం. హెడ్ అంటే పంపు మేస్త్రీకి నీరు ఎక్కగల ఎత్తు, మెకానిక్కుకు ఇంజను మీది మూత, వడ్రంగికి మేకు తల. ఆమె ఆఫీసులో మాత్రం ఎవరికీ సెలవివ్వని పెద్దమనిషి. ఇంకేదో షరతు కూడా చెప్పింది గానీ, అప్పటికి అతను ఆమె చెవి వెనక దోపుకున్న రెండో పెన్నును చూస్తున్నాడు.

లేత్‌కు ఎడమవైపున గేర్లుండే పెట్టె హెడ్. అది చెప్పేశాక పని అయిపోయింది, ఆమె వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంకో అర్థం గుర్తొచ్చిందన్నాడు. తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ రాలే ఇనప రజను కూడా హెడ్డేనట. ఆమె వచ్చి రాసుకుంది. పై వారం, పొద్దున తీసిన మొదటి ముక్క హెడ్డయింది. ఆ తరవాత కల్పించడానికి సరుకు అయిపోయి, షెడ్డులోకి మనిషి రాగానే మిషన్ ఆపడాన్ని కూడా హెడ్డే అంటామని కోతలు కోశాడు. ఆమె అదీ గంభీరంగా రాసుకుంది.

"మీ మాట పూర్తయింది. రేపు ప్రెస్సుకు వెళ్తుంది. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

ఆమె వెళ్ళాక అతను లెక్క వేసుకున్నాడు. ఆమె ఇక రాదు, అదొక బాధ. తన కోతలు అచ్చయితే ఆమె ఉద్యోగానికే ఎసరు. పోనీ నిజం చెబుదామంటే మళ్ళీ మొహం చూడదు. పొద్దున్నే, చేతుల గ్రీజైనా కడుక్కోకుండా ఆమె ఆఫీసుకు పరుగెత్తాడు.

"నేను చెప్పినవాటిలో మూడు అబద్ధాలు," అన్నాడు ఆయాసపడుతూ. "మీరు మళ్ళీ రావాలని పుట్టించాను. తిట్టండి, కానీ అచ్చుకు పంపకండి."

ఆమె సొరుగు లాగి మూడు కార్డులు తీసింది. ప్రతి అర్థానికీ అదే పనిలో ఉన్న రెండో మనిషి సాక్ష్యం కావాలట. మొదటిరోజు చెప్పిన షరతు అదేనట. అతను భోజనానికి వెళ్ళినప్పుడల్లా షెడ్డు యజమాని చేత, అంటే అతని నాన్న చేతనే, రాయించుకుంది.

ఒక కార్డు మీద నాన్న లావుపాటి అక్షరాలు: "ఇది తప్పు." ఇంకోదాని మీద: "ఇదీ తప్పే. వెధవకి మీరంటే ఇష్టం." చివరిదాని మీద: "పని సాగడం లేదమ్మా. ఏదో ఒకటి తేల్చండి."

అతను మూడు కార్డులూ బల్లమీద పెట్టేశాడు.

"అన్నీ తెలిసి మళ్ళీ ఎందుకొచ్చారు?"

"ఇంకేం కోస్తారో విందామని." అన్నదే గానీ, ఆమె కార్డుల వైపే చూస్తోంది. "నాకూ మీరంటే ఇష్టమే. సాయంత్రం వస్తాను. ఈసారి కార్డు తేను. మీ నాన్నగారికి జవాబు చెప్పాలి."

సాయంత్రం ఆమె షెడ్డు గుమ్మంలో కనబడింది. అతనికంటే ముందు నాన్న లేచి వెళ్ళి మిషన్ ఆపేశాడు.