నవ్వు మీద ఫిర్యాదు

నేను జీవితంలో ఒకే ఒక్క ఫిర్యాదు చేశాను. అదీ ఒక అమ్మాయి నవ్వు మీద.

నా పేరు మురళీకృష్ణ. ఊరు ఎర్రుపాలెం. భద్రాచలంలో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. తుంటి విరిగినవాళ్లకి ఆపరేషన్‌కి ముందు నరం పక్కన మొద్దుబార్చే మందు ఇస్తాం. దానికి ఇంకో మందు కొంచెం కలిపితే నొప్పి ఇంకా ఎక్కువసేపు రాకుండా ఉంటుందా? ఇదీ మా పరిశోధన. ఒప్పుకున్న అరవై మందిలో సగం మందికి కలిపింది, సగం మందికి కలపనిది. రెండూ చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటాయి. ఎవరికి ఏది వెళ్లిందో రోగికి తెలియకూడదు. నొప్పి ఎంతుందో అడిగి రాసుకునే నాకైతే అస్సలు తెలియకూడదు.

తెలిసేది సిరంజీలు నింపే నాగలతకే. కారేపల్లి అమ్మాయి, మా ఫార్మసిస్టు. ఆమె మొహంలో ఏదీ దాగదు. ఆకలేసినా వార్డంతా తెలిసిపోతుంది.

మొదటి రోగికి సిరంజీ అందిస్తూ నవ్వింది. రెండో రోగికి నవ్వలేదు. మూడు, నాలుగు నవ్వింది. ఐదోసారి మూతి ముడిచింది. నేను బుద్ధిమంతుణ్ని కదా, అన్నీ డైరీలో రాసుకున్నాను. మందు కలిపినప్పుడల్లా నవ్వుతోందని తేల్చేసి, ప్రమీలారాణి మేడమ్ దగ్గరికి వెళ్లాను. పరిశోధన అంతా ఆవిడ చేతిలోనే ఉంది.

మేడమ్ నాగలతను పిలిపించారు.

"నా మొహానికేమైంది సార్?"

"మొహానికేం కాలేదండీ. బాగానే... అంటే, మీరు నవ్వుతున్నారు."

"నవ్వుడు కూడా తప్పేనా? ఎప్పుడెప్పుడు నవ్విన్నో రాసుకున్నరా?"

"రాసుకున్నాను."

"అబ్బ! గంత శ్రద్ధనా!"

మేడమ్ నవ్వు ఆపుకుంటూ తీర్పు చెప్పారు. "ఇక సిరంజీ ఫార్మసీ కిటికీలకెల్లి ఇయ్యి. అరవై మంది అయ్యేదాకా ఈయనకు మొహం చూపియ్యకు."

"అడిగినా చూపియ్య మేడమ్," అంది నాగలత.

అన్నంత పనీ చేసింది. కిటికీకి ఆకుపచ్చ గుడ్డ కట్టింది. దాని కింద నుంచి ఒక చెయ్యి, ఒక సిరంజీ, "సంతకం పెట్టుండ్రి" అన్న ఒక్క మాట. క్యాంటీన్‌లో నన్ను చూస్తే టీ గ్లాసుతో సహా గోడవైపు తిరిగేది.

ఆగస్టులో ఒకరోజు గోదావరి పొంగింది. నేను వానలో తడిసి ముద్దయి కిటికీ ముందు నిలబడ్డాను. గుడ్డ కింద నుంచి తువ్వాలు వచ్చింది.

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

"గిది స్టడీల లేదు సార్. తల తుడుచుకోండ్రి."

తల తుడుచుకుంటూ ఉండగా నాకు తెలిసిపోయింది. ఆ మొహం చూడకుండా ఉండటం నావల్ల కాదు. చూడకుండా చేసుకున్నది నేనే. ఆమె అటు తిరుగుతున్నది రూలు కోసమా, నా మీద కోపంతోనా? అడుగుదామంటే ధైర్యం చాలలేదు. ఇంతలో నాకు కొత్తగూడెంలో ఉద్యోగం ఖాయమైంది. అరవయ్యో రోగి అవగానే వెళ్లిపోవాలి.

ఆ అరవయ్యో రోగి ఏప్రిల్‌లో వచ్చింది. ముత్తక్క. తెల్లవారుజామున అడవిలో ఇప్పపూలు ఏరుతూ బండ మీద జారిపడింది.

"నొప్పి ఎలా ఉంది అవ్వా?" అని పూటపూటకీ అడిగాను. ఆమె మంచానికి ఎదురుగానే ఫార్మసీ కిటికీ.

"నాది తగ్గింది బిడ్డా. నీకేడ నొప్పి? ఎప్పుడు చూసినా ఆ కిటికీ దిక్కే చూస్తవ్."

"స్టడీ అయ్యేదాకా ఆ అమ్మాయిని చూడకూడదవ్వా."

"అయితే నన్ను జల్దీ రాసి అయిపోగొట్టు!"

లెక్కలన్నీ పూర్తయ్యాక, ఒక మధ్యాహ్నం మేడమ్ సీలు వేసిన కవరు చింపారు. నాగలత ఇంకా గోడవైపే తిరిగి కూర్చుంది. మేడమ్ చదివారు.

"ఒకటి, కలపనిది. రెండు, కలిపింది. మూడు, కలపనిది. నాలుగు, కలిపింది. ఐదు, కలిపింది."

నేను డైరీ తీశాను. నాలుగోది తప్ప నా లెక్క మొత్తం తప్పు.

మేడమ్ అరవై పేర్లూ సరిచూశారు. మందు కలిపినవాళ్లకి కొన్ని గంటలు ఎక్కువే హాయిగా గడిచింది. "ఇంకా ఎక్కువ మందిల చూడాలె. కానీ ముత్తక్క లాంటోళ్లకు పనికొచ్చేటట్టే ఉంది," అని సంతోషంగా కాగితాలు పట్టుకుని వెళ్లిపోయారు.

గదిలో ఇద్దరమే మిగిలాం.

"నాగలత గారూ, మీరు నవ్వింది మందును బట్టి కాదా?"

"మందును చూసి ఎవరన్న నవ్వుతరా సార్?"

"మరి?"

"మీరు గుడ్ మార్నింగ్ చెప్పిన రోజు నవ్విన. రెండుసార్లు చెప్పలే. నవ్వలే."

నా తెలివికి నాకే సిగ్గేసింది. తొమ్మిది నెలలు! ఇక ఆగలేకపోయాను.

"వచ్చే వారం కొత్తగూడెం వెళ్తున్నానండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"నా మొహం చూస్తే అన్నీ తెలుస్తయంటిరి గదా. చూసి మీరే చెప్పుండ్రి."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. గోడ గడియారంలో మధ్యాహ్నం మూడైంది.

"గుడ్ మార్నింగ్ అండీ," అన్నాను.

నాగలత నవ్వింది.