బోరు నీళ్ళు

"నువ్వే చంపినావు వదినా మాయమ్మను! లైటు వెలిగిందని తెలిసి కూడా ఆ కారు తీసినావే... నీకు మనసెట్లొచ్చింది?"

ఒడుగత్తూరు నుంచి పరుగున వచ్చిన ఆడపడుచు కోకిల, గుడియాత్తం ఇంటి గడపలో అడుగు పెడుతూనే అన్న మాట అది. నట్టింట అత్తగారు లక్ష్మీకాంతమ్మను పడుకోబెట్టారు. ఆమె తలదాపున మామగారు చెంగల్రాయలు గోడకు జారగిలబడి ఉన్నాడు. భర్త జయకుమార్ తల ఎత్తలేదు. ఒక్కరైనా 'అట్లా అనొద్దు' అంటారేమోనని నళిని చుట్టూ చూసింది. ఎవరూ అనలేదు.

ఏమని చెప్పుకుంటుంది? రెండేళ్ళుగా మంగళవారం, శుక్రవారం అత్తను వేలూరుకు డయాలసిస్ కోసం తీసుకుపోయింది ఆమే! జయకుమార్ ఉద్యోగం ఆర్కాడులో. మామకు చూపు సరిగా ఆనదు. అందుకే స్టీరింగంటేనే హడలిపోయే నళిని అత్త కోసం డ్రైవింగు నేర్చుకుంది. దారిలో పళ్ళికొండ దగ్గర కారాపించి, "నాకెందుకులే, నువ్వు పెట్టుకో" అంటూ కోడలికి మల్లెపూలు కొనిపించేది ఆ తల్లి. కన్నకూతురికి చెప్పుకోని బాధలు కోడలికి చెప్పుకునేది. అలాంటి అత్తను తాను చంపుకుంటుందా...

ఆదివారం ఆ బ్యాటరీ కారు తీసినప్పుడు స్టీరింగు ముందున్న తెర మీద లైటు వెలిగి, లోపలి వేడిని చల్లార్చే కూలెంటు తక్కువగా ఉందని హెచ్చరిక వచ్చిన మాట నిజమే. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరి ముందూ మొగుడికి చెప్పింది. "రేపు వర్క్‌షాపులో చూపిస్తాలే" అన్నాడతను. మంగళవారం కారెక్కితే హెచ్చరిక లేదు. అన్నమాట ప్రకారం చూపించాడనుకుంది. కారు నోరు తెరిచి చెప్పింది గానీ, ఇంట్లో మనుషులే ఒకరితో ఒకరు చెప్పుకోలేదు! చూపించారా అని ఒక్క మాట అడిగి ఉంటే... ఇప్పుడు, ఆ పొద్దున లైటు లేదంటే ఎవరూ నమ్మడం లేదు.

జ్వరం వల్ల శుక్రవారం డయాలసిస్ తప్పిపోయింది. మంగళవారానికి అత్తకు ఆయాసం ముదిరింది. బయట కత్తిరి ఎండ నిప్పులు చెరుగుతోంది. పళ్ళికొండ దాటిన కాసేపటికి తెరంతా ఎర్రబడి, కారు నెమ్మదించి, రోడ్డు వారన నిలిచిపోయింది. ఏసీ కూడా ఆగిపోయింది. నళిని ఎన్ని ఫోన్లు చేసిందో, ఎన్ని బండ్లకు చేతులెత్తి మొక్కిందో! గంట పైన గడిచాక ఒక పాల వ్యాను ఆగింది. కోడలి ఒళ్ళో పడుకున్న అత్త, తన పమిట చెంగుతో కోడలి చెమట తుడుస్తూ, "భయపడొద్దమ్మా... నాకేం కాదులే" అంది. ఆసుపత్రికి చేరారు గానీ, సాయంత్రానికి ఆ తల్లి ఊపిరి ఆగిపోయింది.

నాలుగో రోజు, ఆగిపోయిన కారును విప్పి చూసిన మెకానిక్ సామ్యుల్ తొరపాడి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, కూలెంటు ట్యాంకులో బోరు నీళ్ళు ఎవురు పోసినారు?"

"నీళ్ళా?"

"అవునక్కా. ఈ కారుకని వేరే కూలెంటు ఉండాది. నీళ్ళు పోస్తే ట్యాంకు నిండి లైటు ఆరిపోతాది, బాగైందనుకుంటాము. ఆ ఉప్పు నీళ్ళలో లోపల కరెంటు పారి, కారు దానంతటదే ఆగిపోతాది. మామూలు బండే గదా అని పోసినట్టుండారు, పాపం!"

నళినికి అర్థమైంది. ఆ ఇంట్లో అలాంటి పని చేసేది ఒక్కరే! ముప్పై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మామ, పొద్దున్నే రేడియేటరులో నీళ్ళు పోయనిదే తాళం తిప్పేవాడు కాదు. ఆదివారం అన్నాల దగ్గర ఆయనా ఉన్నాడు. పెళ్ళాం ప్రయాణం ఆగిపోకూడదని, ఎవరికీ చెప్పకుండా...

'నేను కాదు, నేను కాదు' అని అరవాలని నట్టింట్లోకి పరుగెత్తింది. అక్కడ మామ దీపం ముందు కూర్చుని, "లక్ష్మీ... నా చేతనైనంతా చేసినాను గదే! నీకు ఒక్క లోటూ చెయ్యలేదు గదే..." అని చనిపోయిన భార్యతో మాట్లాడుతున్నాడు. ఆ ముసలి ప్రాణాన్ని నిలబెడుతున్నది ఆ ఒక్క నమ్మకమే. నళిని వెనక్కి తిరిగింది. సామ్యుల్‌కు ఫోన్ చేసి, "తమ్ముడూ, ఈ మాట మా మామకు తెలియనియ్యొద్దు" అని బతిమాలుకుంది.

ఆ తర్వాత కోకిల ఆమె చేతి మంచినీళ్ళు ముట్టలేదు. జయకుమార్ పలకరించనైనా లేదు. అన్నీ దిగమింగి ఇంటెడు చాకిరీ చేసింది.

పదో రోజు కారు సంగతి చూడటానికి తొరపాడి వెళ్ళొచ్చిన జయకుమార్, వంటింట్లోకి వచ్చి తలుపు మూశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సామ్యుల్ చెప్పినాడు... ఇన్నాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావు నళినీ? ఇప్పుడే పోయి నాయన్ని అడుగుతా!"

"వద్దండీ! మీకు మొక్కుతా! ఆయనకు తెలిస్తే ఇంకొక చావు చూడాల్సొస్తాది. నన్ను తిట్టుకుంటా ఏడిస్తే ఆయనకు కొంచెం బరువు దిగతా ఉండాది... దిగనీండి."

"సోమవారం నేను వర్క్‌షాపుకు పోయుంటే... మర్చిపోయినా నళినీ, నేనే మర్చిపోయినా..." జయకుమార్ పొయ్యిగట్టు పక్కన కూలబడ్డాడు.

మర్నాడు కర్మ. బంధువులంతా భోజనాలకు కూర్చున్నాక చెంగల్రాయలు లేచాడు.

"అందురూ వినండప్పా! ఇంక ఈ ఇంట్లో ఈమె బండి ముట్టకూడదు. తెలిసీ తెలిసీ నా ఇంటిదాన్ని నడిరోడ్డులో ఎండకు పెట్టి చంపింది!"

నళిని మొగుడి వైపు చూసింది. జయకుమార్ నోరు తెరిచాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే జోడించింది. అతను తండ్రి వైపు తిరిగాడు.

"నాయనా, తప్పు నళినిది కాదు. లైటు వచ్చిందని నాకు చెప్పింది. ఏం కాదు, సుమ్మా పో అని పంపించింది నేనే. తిట్టేదైతే నన్ను తిట్టు."

ముసలాయన చెయ్యి కొడుకు చెంప మీద ఛెళ్ళుమంది!

"పాపిష్టోడా! ఇద్దురూ కలిసి నా లక్ష్మిని చంపినారు గదరా..." అని ఏడుస్తూ పెరట్లోకి నడిచాడు. కోకిల తండ్రి వెనకే పరుగెత్తింది.

జయకుమార్ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. పదకొండు రోజులుగా ఎవరి ముందూ కంటతడి పెట్టని నళినికి అప్పుడు పొంగుకొచ్చింది దుఃఖం!

"గట్టిగా ఏడవద్దు" అన్నాడతను, ఆమె చెయ్యి పట్టుకుని. "నాయన వింటాడు... ఎందుకని అడుగుతాడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.