నాలుగో గడిలోని మాట

2094 నాటి రాజమహేంద్రవరంలో ఏ ఇంటి గోడా ఖాళీగా ఉండేది కాదు. గడిచిపోయిన రోజులు ఆ గోడల మీద మబ్బుల్లా నెమ్మదిగా కదిలేవి. మనుషులు చూసిందీ విన్నదీ అంతా ఇంటి సర్వర్‌లో చేరేది. దాన్ని అందరూ భాండారం అనేవారు.

ఆ భాండారాలకు ఒక పద్ధతి నేర్పింది నిరుపమ. అంతకుముందు జనం ఫైళ్లకు "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని పేర్లు పెట్టి, కావలసినప్పుడు దొరక్క తల పట్టుకునేవారు. ఆమె తయారుచేసిన "పేరరి" అనే మాట్లాడే ప్రోగ్రాం ప్రతి దృశ్యానికీ తానే నాలుగు గళ్ల పేరు పెట్టేది. తేదీ, చోటు, మనుషులు, చివర భావం. మణికట్టు పట్టీలోంచి నాడి చదివి ఆ నాలుగో గడి నింపేది. నాడి అబద్ధమాడదని నిరుపమ నమ్మకం.

భర్త తారకం పోయిన రెండేళ్లకు, ఒక ముసురు పట్టిన ఉదయం, ఆమె తన భాండారాన్ని కొత్త యంత్రంలోకి మారుస్తోంది. పేరరి మధ్యలో ఆగింది.

"అమ్మా, నాలుగు వందల పన్నెండు పేర్లు నాడితో సరిపోవడం లేదు. అన్నిటికీ 'సంతోషం' అని ఉంది. నేనుగా పెట్టినవి కావు."

"మరెవరు పెట్టించారు?"

"తారకంగారు."

వాటిలో మొదటిది గోదావరి మీద పడవ ప్రయాణం. పెళ్లయిన పదో ఏడు. ఆయన పోయాక ఆ పేరు చూసుకుంటూనే ఆమె ఎన్నో రోజులు గడిపింది. తెరిస్తే తట్టుకోలేనని తెరవలేదు.

"అసలు పేరేమిటి?"

"విసుగు."

కిటికీ అవతల వానలో నది కనిపించీ కనిపించకుండా ఉంది. నిరుపమ అటే చూస్తూ కూర్చుంది.

"అంత విసుగేస్తే ఆయన నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా," అంది చివరికి.

"ఆ దృశ్యం ఆయనది కాదమ్మా, మీ కళ్లు చూసింది. నాడి మీది."

పేర్లు మార్పించేటప్పుడు ఆయన ఏమన్నాడని ఆమె అడిగింది. పేరరి ఆయన గొంతే వినిపించింది.

"నిరూ ఎప్పుడో ఒకనాడు వెతుక్కుంటుంది. అప్పటికి తనకి బావుండాలి కదా. సంతోషం అని రాసెయ్. తనకి చెప్పకేం."

"మీరు రాసిన నియమం ప్రకారం వీటిని సరిదిద్దాలి," అంది పేరరి. "దిద్దమంటారా?"

"వద్దు. ఉన్నవి ఉన్నట్టే పంపు."

తర్వాత ఆమె పడవ దృశ్యం తెరిచింది. గది నిండా నీటి వెలుగు పరుచుకుంది. నడుమ అప్పట్లో తన చేతిలో ఉన్న పలక, దాని తెర మీద ఆఫీసు లెక్కలు. ఆ రోజు ఆమె చూసింది అదొక్కటే. పక్కనుంచి తారకం గొంతు వినబడింది.

"నిరూ, అటు చూడు. నీటికాకి రెక్కలు ఎలా ఆరబెట్టుకుంటుందో."

దృశ్యం పలక మీంచి కదల్లేదు.

"ఎక్కడండీ?" అంది నిరుపమ, గది నాలుగు మూలలూ వెతుకుతూ.

ఆయన ఆ పిట్ట గురించి చెబుతూనే ఉన్నాడు.